ఎవరి చెమట వాళ్లకి ముద్దు: ఒంటి వాసన మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో సబ్బుల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ఒంటి వాసన. కొందరికి అది వదలని బెడద, కొందరికి ఆశ్చర్యం. ఎంచుకున్న ప్రశ్నలకి జవాబులు ఇవి.

రోజూ రెండు పూటలా స్నానం చేస్తాను, ఉతికిన చొక్కానే వేసుకుంటాను. అయినా ఇస్త్రీ పెట్టె తగలగానే చంకల దగ్గర పాత కంపు లేస్తుంది. డియో కొట్టుకుంటే రెండూ కలిసి ఇంకా ఘోరం. ఇదేమైనా జబ్బా? (మందుల కంపెనీ ఉద్యోగి, ఖమ్మం)

జబ్బేం కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి కంపు మీ ఒంట్లో కన్నా మీ చొక్కాలో ఎక్కువ తిష్ట వేసింది.

చెమటకి పుట్టుకతో వాసన లేదు. ఒళ్లంతా పరుచుకున్న 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథుల్లోంచి వచ్చేది దాదాపు ఉప్పునీరే. చంకల్లో, గజ్జల్లో ఇంకో రకం గ్రంథులున్నాయి. అవి యుక్తవయసులో పని మొదలుపెట్టి కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. చిన్నపిల్లలు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడొచ్చినా చంకలు కంపు కొట్టకపోవడానికి కారణం ఇదే. ఆ ద్రవం కూడా వచ్చిన వెంటనే వాసన వేయదు. చర్మం మీద కాపురముండే బాక్టీరియా దాన్ని తిని, విరగ్గొట్టి, మిగిల్చిన దాని వాసనే మనకి తగిలేది. కొరినీబాక్టీరియం జాతివాటి వల్ల మేకపోతునీ, జీలకర్రనీ గుర్తుచేసే ఆమ్లాలు వస్తాయి. స్టెఫిలోకాకస్ హోమినిస్ అనేది గంధకం కలిసిన పదార్థాన్ని వదులుతుంది. అది కుళ్లిన ఉల్లిపాయలా ఉంటుంది. లేశమాత్రం ఉన్నా ముక్కు పట్టేస్తుంది.

ఇక చొక్కా సంగతి. మీది పాలిస్టరో, పాలిస్టర్ ఎక్కువ కలిసినదో అయ్యుండాలి. పాలిస్టర్ నీళ్లని పీల్చదు గానీ చర్మపు నూనెని గట్టిగా పట్టుకుంటుంది. ఆ నూనెలో వాసన పదార్థాలు దాక్కుంటాయి. మైక్రోకాకస్ అనే బాక్టీరియా నూలు మీద కన్నా పాలిస్టర్ మీద బాగా పెరుగుతుందని బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చూపించారు. చల్లటి నీళ్లలో, మామూలు సబ్బుపొడితో ఉతికితే ఆ నూనె పూర్తిగా పోదు. ఆరిన చొక్కా దండెం మీద శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. ఇస్త్రీ వేడికి నూనెలో దాగినవి ఆవిరై పైకి లేస్తాయి. మీకు తగిలే పాత కంపు అదే.

చేయాల్సింది ఇది. చొక్కాని తిరగేసి, పొడిగా ఉండగానే చంకల భాగం మీద ఒక్కో వైపు ఒక చెంచా లిక్విడ్ డిటర్జెంట్ పోసి వేళ్లతో రుద్ది అరగంట వదిలేయండి. ముందే తడిపితే సబ్బు పలచబడి నూనెని పట్టదు. తర్వాత అరబకెట్ గోరువెచ్చటి నీళ్లలో, అంటే చెయ్యి పెడితే హాయిగా ఉండే వేడిలో, ఎంజైములున్న డిటర్జెంట్ వేసి గంట నానబెట్టి ఉతకండి. సువాసన కోసం ఆఖరున పోసే ఫాబ్రిక్ కండిషనర్ మానేయండి. అది దారం మీద జిడ్డు పూతలా కూర్చుని తర్వాతి ఉతుకులో నీళ్లని లోపలికి పోనివ్వదు. లోపలి వైపు బయటికి తిప్పి ఎండలో ఆరేయండి. చంకల దగ్గర పసుపు మరకలుంటే క్లోరిన్ బ్లీచ్ పోయకండి, మరక ఇంకా ముదురుతుంది. ఆక్సిజన్ బ్లీచ్ పొడి వాడండి. రెండు మూడు ఉతుకులకీ లొంగని చొక్కాని వదిలేసి నూలు చొక్కా కొనుక్కోవడం మేలు.

డియో గురించి. మన దుకాణాల్లో దొరికే స్ప్రేల్లో చాలావరకు ఆల్కహాలూ అత్తరూ మాత్రమే ఉంటాయి. కంపు మీద సెంటు కొడితే రెండూ ముక్కుకి తగులుతాయి. చెమటని తగ్గించేది వేరు. దాని మీద అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి పేరు రాసి ఉంటుంది, ఎక్కువగా రోల్-ఆన్ రూపంలో దొరుకుతుంది. దీన్ని దాదాపు అందరూ పొద్దున్నే, స్నానం చేసిన తడి మీద రాసుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. ఆ లవణం చెమట నాళం నోట్లో గడ్డకట్టి మూత వేయాలి. పగలు చెమట ధార దాన్ని బయటికి తోసేస్తుంది. రాత్రి పడుకునే ముందు, చంకలు బాగా తుడిచి ఆరాక రాయండి. వరసగా నాలుగైదు రాత్రులు రాస్తే తేడా తెలుస్తుంది. పొద్దున స్నానం చేసినా మూత పోదు. కుదురుకున్నాక వారానికి రెండు మూడు రాత్రులు చాలు. గొరిగిన రోజు మాత్రం రాయొద్దు, మండుతుంది.

దానికీ లొంగకపోతే మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ తీసుకుని, స్నానంలో చంకలకి పూసి రెండు నిమిషాలుంచి కడిగేయండి. వారానికి రెండుసార్లు చాలు. బాక్టీరియా బాగా తగ్గుతుంది. రంగు తువాలుతో తుడుచుకుంటే దాని రంగు పోతుంది కాబట్టి తెల్లది వాడండి. పటిక ముక్క తడిపి రుద్దుకోవడం పాత పద్ధతే అయినా కొంత పనిచేస్తుంది. నిమ్మచెక్క, వంటసోడా మాత్రం వద్దు. ఒకటి మరీ పులుపు, ఇంకోటి మరీ క్షారం, చంక చర్మం రెండింటినీ భరించలేదు.

మా అమ్మాయి ప్రసవమై పన్నెండు రోజులు. మెంతి లడ్డూలు, వెల్లుల్లి కారం పెడుతున్నాం. పాప ఉచ్చ గుడ్డలు మాడిన బెల్లం పాకంలా వాసన వేస్తున్నాయి. అల్లుడు ఇంటర్నెట్‌లో ఏదో చదివి భయపడుతున్నాడు. (ఒక అమ్మమ్మ, తెనాలి)

ముందు పాపని చూడండి, తర్వాత గుడ్డల్ని. పాలు బాగా తాగుతూ, ఆకలేస్తే గట్టిగా ఏడుస్తూ, కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఉంటే ఆ వాసన మెంతులదే అయ్యుండొచ్చు. మెంతుల్లో సోటలాన్ అనే పదార్థం ఉంది. అది అరగకుండా, విరగకుండా తల్లి చెమటలోకీ, పాలలోకీ, అక్కణ్నుంచి బిడ్డ మూత్రంలోకీ వెళ్తుంది. మీ అల్లుడు చదివింది మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ గురించి. అది పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు. మాంసకృత్తుల్లోని ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడింటిని శరీరం విరగ్గొట్టలేదు. మూత్రానికి అచ్చం ఇదే వాసన వస్తుంది, ఎందుకంటే అందులోనూ సోటలానే ఉంటుంది. తల్లి మెంతులు తినడం వల్ల బిడ్డకి ఆ జబ్బుందేమోనని డాక్టర్లే పొరబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మెంతులు పూర్తిగా ఆపండి. రెండు మూడు రోజుల్లో వాసన పోవాలి. కానీ పాప పాలు వదిలేస్తున్నా, మగతగా పడి ఉంటున్నా, ఒళ్లు వడిలిపోయినట్టో బిగుసుకుపోయినట్టో ఉన్నా ఒక్క పూట కూడా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తంలో అమైనో ఆమ్లాల పరీక్షతో తేలిపోతుంది. పాప హుషారుగా ఉన్నా ఈ సంగతి ఒకసారి డాక్టరు చెవిన వేయడం మంచిది.

వెల్లుల్లి కారం గురించి భయపడక్కర్లేదు. తల్లి వెల్లుల్లి తిన్న కొన్ని గంటలకి పాలకి ఆ వాసన వస్తుందని, అప్పుడు పిల్లలు రొమ్ము వదలకుండా ఇంకా ఎక్కువసేపు పట్టుకున్నారని అమెరికాలో మెనెల్లా, బ్యూచాంప్ 1991లో చూపించారు. పసికందు ముక్కు గట్టిది. వారం తిరగకుండానే తల్లి పాలు తడిసిన గుడ్డ వైపు తల తిప్పుతుంది, పరాయి తల్లి గుడ్డని పట్టించుకోదు. అందుకే బాలింత రొమ్ములకి సెంటు సబ్బులూ, ఒంటికి ఘాటైన అత్తర్లూ ఈ నెలల్లో వద్దు. బిడ్డకి దారి తప్పుతుంది.

ఇందులోనే ఇంకో ముచ్చట. తల్లులకి గుడ్డి పరీక్ష పెట్టి, దొడ్డికెళ్లిన డైపర్లు వాసన చూపించారు. 2006లో అచ్చయింది ఇది. తమ బిడ్డది ఏదో తెలియనప్పుడు కూడా, పేర్లు తారుమారు చేసినప్పుడు కూడా, సొంత బిడ్డదే తక్కువ కంపుగా ఉందన్నారు. కాకిపిల్ల కాకికి ముద్దన్న మాట ముక్కు విషయంలోనూ చెల్లింది.

బీచ్ పక్కన ఇల్లు. వారానికోసారి మా లాబ్రడార్ కుళ్లిన చేపల మీద పొర్లి వస్తుంది. షాంపూ పెట్టి రుద్దితే వెంటనే వెళ్లి మట్టిలో దొర్లుతుంది. ఎందుకిలా? (భీమిలి)

దానికి మీ షాంపూ కంపు, మీకు దాని చేప కంపు. ఇద్దరూ పోగొట్టుకోవాలనే చూస్తున్నారు.

ఎందుకు పొర్లుతాయన్నది ఇంకా తేలలేదు. తన వాసన దాచుకుని వేటకి దగ్గరవడానికని ఒక వాదన. వినడానికి బాగుంటుంది గానీ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని వోల్ఫ్ పార్క్‌లో తోడేళ్లకి రకరకాల వాసనలు పెట్టి చూస్తే అవి సెంటు మీద కూడా పొర్లాయి. సెంటు పూసుకుని వేటకెళ్లే జంతువు ఉండదు కదా. కొత్త వాసన దొరికితే ఒంటికి పట్టించుకుని వెళ్లి మందకి చూపించడం కావచ్చన్నది మాకు ఎక్కువ నచ్చిన వాదన. తిరిగొచ్చిన తోడేలుని మిగతావి ముట్టె నుంచి తోక దాకా వాసన చూస్తాయి.

కడగడానికి రెండు విడతలు కావాలి. కుళ్లిన చేప కంపులో సగం అమైన్లది, అవి క్షారాలు. మిగతాది గంధకానిది. ముందు చేతికి గ్లవ్స్ తొడుక్కుని, బొచ్చు తడపకుండానే అంటుకున్న తుక్కు పాత దువ్వెనతో తీసేయండి. ఒక కప్పు తెల్ల వెనిగర్‌లో నాలుగు కప్పుల నీళ్లు కలిపి పోసి రెండు నిమిషాలు రుద్ది, పూర్తిగా కడిగేయండి. పులుపు తగిలితే అమైన్లు లవణాలై నీళ్లతో పోతాయి. వంటింట్లో చేపకి నిమ్మరసమో చింతపండో పట్టించే కిటుకే ఇది.

రెండో విడత హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికే సీసా మీద 6 శాతం అనో 20 వాల్యూమ్ అనో ఉంటుంది. అర లీటరు మందుకి అర లీటరు నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. అందులో 60 గ్రాముల వంటసోడా, చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, బుసబుస పొంగుతుండగానే పట్టించండి. కళ్లకీ చెవుల్లోకీ పోనివ్వకండి, మొహానికి తడిగుడ్డ చాలు. ఐదు నిమిషాలు ఉంచి, వేలికి జారుడు లేకుండా కడగండి. ఈ మిశ్రమం అమెరికాలో స్కంక్ అనే జంతువు కంపు ద్రవం చిమ్మిన కుక్కల కోసం 1990లలో పుట్టింది. గంధకపు పదార్థాలు దీని తాకిడికి వాసన లేనివిగా మారిపోతాయి.

మిగిలింది సీసాలో పోసి మూత పెట్టకండి, ఆక్సిజన్ ఊరి సీసా పగులుతుంది. వెనిగర్‌నీ దీన్నీ ఒకే గిన్నెలో కలపకండి, చర్మాన్ని కాల్చే ఆమ్లం తయారవుతుంది. నల్ల బొచ్చు కాస్త ఎర్రబడొచ్చు. మెడపట్టీని విడిగా నానబెట్టకపోతే మర్నాడు పొద్దునకి కంపు మళ్లీ మొదటికొస్తుంది. ఫినాయిలూ డెట్టాలూ మాత్రం వాడకండి, నాకితే విషం. చివరగా సువాసన లేని షాంపూ పెడితే మట్టిలో దొర్లడం తగ్గుతుంది.

నాలుగు పాడి మేకలు, ఒక పోతు ఉన్నాయి. పోతు తన గడ్డం మీద తానే ఉచ్చ పోసుకుంటుంది. పాలకి కూడా పోతు వాసన వస్తోందని కొనేవాళ్లు అంటున్నారు. (అనంతపురం జిల్లా)

గడ్డం మీద ఉచ్చ పోసుకోవడం పోతుకి అత్తరు పూసుకోవడంతో సమానం. ఎద కాలంలో ముందుకాళ్లు, గడ్డం, మొహం తడుపుకుంటుంది. దానికి తోడు కొమ్ముల మొదళ్ల వెనక ఉన్న గ్రంథుల్లోంచి ఊరేదీ కలుస్తుంది. మనం పోతు కంపు అనేది ప్రధానంగా 4-ఇథైల్ ఆక్టనోయిక్ ఆమ్లం. తమాషా ఏమిటంటే, జపాన్ శాస్త్రవేత్తలు 2014లో పోతు తల మీది వెంట్రుకల్లోంచి 4-ఇథైల్ ఆక్టనాల్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. అది నారింజ జాతి పళ్ల వాసన వేస్తుంది. ఆడమేక మెదడులో ఎదని నడిపించే భాగాన్ని తట్టిలేపేది అదే. గాలి తగిలి అది మారితే మనకి తెలిసిన పోతు కంపు అవుతుంది.

దీన్ని మీరు వాడుకోవచ్చు. పోతుని కనీసం మూడు వారాలు ఆడమేకలకి కనబడనంత, వాసన రానంత దూరం కట్టేయండి. తర్వాత ఒకేసారి మందలో వదలండి. ఎద ఆగి ఉన్న మేకలు చాలావరకు వారం పది రోజుల్లో ఒకదాని వెంట ఒకటి ఎదకొస్తాయి, ఈనడం కూడా దగ్గర దగ్గరగా పడుతుంది. ఎప్పుడూ కలిసే తిరిగే పోతుతో ఈ ఫలితం సరిగా రాదు. మేకలు ఎదకొచ్చాయో లేదో తెలుసుకోవడానికి పోతు ఆడమేక ఉచ్చ వాసన చూసి, మూతి పైకెత్తి, పై పెదవి వెనక్కి మడుస్తుంది. పళ్లు ఇకిలిస్తున్నట్టుంటుంది గానీ, వాసనని నోటి పైకప్పులో ఉన్న జేకబ్సన్ అవయవంలోకి పంపడమది. ఎద్దులూ, దున్నలూ, గుర్రాలూ అదే చేస్తాయి. మనుషుల్లో ఆ అవయవం మెదడుకి దారి తెగిపోయి ఆనవాలుగా మిగిలింది.

పాల సంగతికి వస్తే, అన్నీ పోతు మీదికి తోయొద్దు. పాలకొవ్వులోని కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలకి ఆ పేర్లు లాటిన్‌లో మేక అనే మాట నుంచే వచ్చాయి. పాలని ఎత్తునుంచి పోసినా, బాగా గిలక్కొట్టినా, వెచ్చగా గంటలకొద్దీ ఉంచినా కొవ్వు విరిగి ఆ ఆమ్లాలు బయటపడతాయి. పోతుని గాలివాలుకి దూరంగా కట్టండి, దాన్ని ముట్టుకున్న చేత్తో పితకొద్దు. పొదుగు మీది పొడుగు వెంట్రుకలు కత్తిరించి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి తుడిచి, మొదటి రెండు మూడు ధారలు పారబోయండి. వడకట్టిన వెంటనే క్యానుని ఐసు నీళ్ల తొట్టిలో దించితే సగం ఫిర్యాదులు ఆగిపోతాయి. మాంసం కోసం పెంచే పోతుపిల్లలకి రెండు మూడు నెలల వయసులోనే పశువుల డాక్టరు చేత విత్తులు నొక్కించండి. ఆలస్యమైతే మాంసానికీ పోతు వాసన పడుతుంది.

తిరుమలలో స్వామివారికి పునుగు తైలం రాస్తారు. పునుగుపిల్లి గ్రంథిలోంచి వచ్చే కంపు ద్రవం సువాసన ఎలా అయింది? (నెల్లూరు)

మోతాదు వల్ల. శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకి పూసే ఈ తైలం మూలం పునుగుపిల్లి మలద్వారం దగ్గరున్న గ్రంథి. ఆ జంతువు దాన్ని కర్రలకీ రాళ్లకీ రుద్ది తన హద్దులు రాసుకుంటుంది. ముద్దగా ఉన్నప్పుడు మలం వాసనే. వేలమందికి సరిపోయేంత పలచన చేస్తే తేనె కలిసిన తోలులా, వెచ్చగా, రోజుల తరబడి నిలిచే పరిమళం. అందులోని ముఖ్య పదార్థం సివెటోన్. 17 కర్బన పరమాణువులు గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడిన అణువది. అంత పెద్ద వలయం నిలవదని రసాయన శాస్త్రవేత్తలు నమ్మే రోజుల్లో, 1926లో, లావోస్లావ్ రుజిచ్‌కా దీన్నీ, కస్తూరిలోని 15 కర్బనాల వలయాన్నీ నిరూపించాడు. 1939 నోబెల్ బహుమతి వెనక ఈ పని కూడా ఉంది.

మోతాదు మాయ మీ ఇంట్లోనూ ఉంది. మల్లెపూల పరిమళంలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. అదే ఇండోల్ మలంలోనూ ఉంటుంది. దాన్ని తీసేసి మల్లె సెంటు చేస్తే అది పువ్వులా కాదు, సబ్బులా ఉంటుంది. రాత్రి గదిలో మూర పెట్టి తలుపులు వేస్తే పొద్దున్నకి తల దిమ్మెక్కించే ఆ బరువైన వాసనలో ఇండోల్ వాటా ఉంది.

తిరగేసిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. పులి చెట్ల మీద చిమ్మే ద్రవంలో బాస్మతి బియ్యం పరిమళం ఇచ్చే పదార్థమే ఉందని కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన రతన్‌లాల్ బ్రహ్మచారి బృందం కనిపెట్టింది. మదించిన ఏనుగు చెక్కిళ్ల మీద తుమ్మెదలు ముసురుతాయని మన కవులు రాస్తే అతిశయోక్తి అనుకున్నాం. ఆసియా ఏనుగుల్లో కుర్ర మగవాటి మదజలం తేనెలా తియ్యటి వాసన వేస్తుందనీ, వయసొచ్చాక అది ఘాటెక్కుతుందనీ 2002లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. కవులు కుర్ర ఏనుగుల్ని చూసి రాసి ఉంటారు.

బజార్లో పునుగు, జవ్వాది, కస్తూరి పేర్లతో అమ్మేవి చాలావరకు కృత్రిమం. అదే మంచిది కూడా. పునుగుపిల్లికీ, కస్తూరి మృగానికీ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

న్యూజెర్సీలో ఉంటాం. ఆఫీసులో ఒకావిడ నా కోటు దగ్గర ముక్కు ముడుచుకుంది. నాకైతే ఏ వాసనా లేదు. (ఒక ఐటీ ఉద్యోగిని)

మీకు లేకపోవడం సహజమే. ఏ వాసనకైనా ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. అరగంట బయట తిరిగొచ్చి తలుపు తీయగానే, మొదటి ఊపిరిలో తెలిసేదే మీ ఇంటి అసలు వాసన.

పోపు వేసినప్పుడు ఇంగువ, ఉల్లి, వెల్లుల్లి ఆవిర్లు నూనె తుంపరతో కలిసి ఊలు మీదా, జుట్టు మీదా దిగుతాయి. కోట్లు వంటింటి పక్క అల్మరాలో కాకుండా పడగ్గదిలో తలుపేసి పెట్టండి. పొయ్యి వెలిగించే ఐదు నిమిషాల ముందే చిమ్నీ వేసి, వంటయ్యాక పావుగంట ఉంచండి. మీ చిమ్నీ గాలిని బయటికి పంపుతోందా, వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతోందా చూడండి. అపార్టుమెంట్లలో ఎక్కువగా రెండో రకమే. దాని బొగ్గు ఫిల్టరు పోపులు పెట్టే ఇంట్లో మూడు నెలలకే చచ్చిపోతుంది.

ఆవిడ ముక్కు ముడుచుకోవడంలో ముక్కు పాత్ర సగమే. 2001లో ఒక ప్రయోగంలో ఒకే మిశ్రమాన్ని ఒకసారి పార్మజాన్ చీజ్ అనీ, ఇంకోసారి వాంతి అనీ పేరు పెట్టి వాసన చూపించారు. పేరుని బట్టి అదే మనుషులు బాగుందన్నారు, ఛీ అన్నారు. ఆ మాటకొస్తే పాదాల కంపూ, ఘాటు చీజూ దాదాపు ఒకే బాక్టీరియా కుటుంబం పని. పాదాల వాసనకి వచ్చే మలేరియా దోమలు లింబర్గర్ అనే ఘాటు చీజ్‌కి కూడా వచ్చి వాలాయి!

వాసన బట్టే మనుషులు జోడీ ఎంచుకుంటారా? ఆన్‌లైన్‌లో ఫెరొమోన్ (ఎదుటి జీవిని ఆకర్షించే వాసన పదార్థం) స్ప్రేలు కొనొచ్చా? (హైదరాబాద్)

మొదటిదానికి సగం ఔను. క్లాస్ వెడెకిండ్ 1995లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 44 మంది కుర్రాళ్ల చేత రెండు రాత్రులు ఒకే టీషర్టు తొడిగించి, వాటిని 49 మంది అమ్మాయిలకి వాసన చూపించాడు. రోగనిరోధక జన్యువులు తమకన్నా వేరుగా ఉన్నవాళ్ల చొక్కాలే అమ్మాయిలకి ఎక్కువ నచ్చాయి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఫలితం తిరగబడింది. తర్వాత ఇతరులు చేసినప్పుడు కొన్నిసార్లు వచ్చింది, కొన్నిసార్లు రాలేదు. పెళ్లిచూపుల్లో లెక్కపెట్టేంత బలం దానికి లేదు.

స్ప్రే కొనకండి. వాటిలో తరచుగా ఉండేది ఆండ్రోస్టెనోన్. మగపంది లాలాజలంలో ఉంటుంది. ఎదకొచ్చిన ఆడపంది దాని వాసన తగలగానే కదలకుండా నిలబడిపోతుంది. పందుల ఫారాల్లో కృత్రిమ గర్భధారణకి ముందు దాన్నే చిమ్ముతారు. మనుషుల్లో ఓఆర్7డీ4 అనే జన్యువుని బట్టి కొందరికి అది ఉచ్చ కంపు, కొందరికి వెనిల్లా, కొందరికి అసలు తెలియదు.

మంచి అత్తరు కొంటే మాత్రం ఉపయోగం ఉంది. సీసా మూత దగ్గర కాకుండా ముంజేతికి రాసుకుని, గంట ఆగి చూసి కొనండి. మనుషులు తాము ఎంచుకున్న సెంటు తమ ఒంటి వాసనతో కలిసినప్పుడు, వేరేవాళ్లు ఎంచి ఇచ్చిన సెంటు కన్నా బాగుంటుందని 2012లో ఒక పరీక్షలో తేలింది. బహుమతిగా వచ్చిన సెంటు సీసాలు అల్మరాలో మిగిలిపోయేది ఇందుకే కావచ్చు.

మా నాన్నగారి గదిలో ముసలి వాసన వస్తోందని మనవలు అంటున్నారు. జబ్బుకి గుర్తా? (రాజమండ్రి)

వయసుతో వచ్చే వాసన జబ్బు కాదు. నలభై దాటాక చర్మపు కొవ్వు గాలికి ఆక్సీకరణ చెంది 2-నోనెనాల్ అనే పదార్థం వస్తుందని జపాన్‌లో 2001లో గుర్తించారు. నూనెలో కలిసేది కాబట్టి నీళ్లు పోసుకుంటే పోదు. చెవుల వెనక, మెడ, వీపు నడుమ సబ్బుతోనో సున్నిపిండితోనో రుద్ది స్నానం చేయించండి. దిండు గలేబు వారానికి రెండుసార్లు మార్చండి. పెద్దాయన చిన్నబుచ్చుకుంటే ఈ సంగతి చెప్పండి: అమెరికాలో వాసనల మీద పరిశోధించే మోనెల్ కేంద్రం 2012లో చేసిన పరీక్షలో వృద్ధుల ఒంటి వాసన కన్నా నడివయసు మగవాళ్లదే ఎక్కువ కంపన్నారు.

అకస్మాత్తుగా మారిన వాసనే చూసుకోవాల్సింది. షుగరున్న మనిషి ఊపిరి మగ్గిన పండులా, గోళ్ల రంగు తుడిచే మందులా ఉండి, వాంతులో ఆయాసమో ఉంటే ఆస్పత్రికి పరుగెత్తాలి. కిడ్నీలు చెడితే నోట్లో అమ్మోనియా వాసన. ఒళ్లంతా చేప కంపు ఏళ్ల తరబడి వదలకపోతే అది ట్రైమిథైలమినూరియా కావచ్చు. ఎఫ్ఎమ్ఓ3 జన్యువు లోపం వల్ల వస్తుంది, మూత్ర పరీక్షతో తెలుస్తుంది. గుడ్లు, కాలేయం, సోయా, సముద్రపు చేపలు తగ్గించి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉన్న సబ్బు వాడితే చాలా ఊరట. ఇలాంటివాళ్లని శుభ్రత లేదని తిట్టడం అన్యాయం.

కొరియాలో చదువుకోబోతున్నాను. అక్కడివాళ్లు డియో వాడరట, నిజమేనా? (విజయవాడ)

చాలామందికి అవసరం లేదు. ఏబీసీసీ11 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చంక గ్రంథులు వాసనకి ముడిసరుకు వదలవు. అదే మార్పు వల్ల చెవిలో గులిమి జిగురుగా కాక పొడిగా, పొట్టులా ఉంటుంది. నాగసాకి విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో కనిపెట్టింది ఈ గులిమి సంగతినే, చంకల సంగతి తర్వాత బయటపడింది. కొరియన్లలో దాదాపు అందరిదీ పొడి గులిమే. మన దగ్గర జిగురు గులిమివాళ్లూ, పొడి గులిమివాళ్లూ ఉంటారు. చెవి శుభ్రం చేసుకునేటప్పుడు చూసుకోండి. మీది జిగురైతే ఆరు నెలలకి సరిపడా రోల్-ఆన్‌లు పెట్టెలో సర్దుకుని వెళ్లండి, అక్కడి చిన్న దుకాణాల్లో దొరక్కపోవచ్చు.